డ్రిఫ్టు కారు విక్రయం

డ్రిఫ్టు కారు అనగా మలుపులో వెనుక చక్రాలను ఉద్దేశపూర్వకంగా జారనిచ్చి, ఆ జారుడును అదుపులో ఉంచుతూ నడపడానికి అనువుగా మార్పులు చేసిన మోటారు కారు. ఇటువంటి కార్లు ఎక్కువగా పాతవే. ఒకరు కొని, మార్పులు చేయించి, కొంతకాలం నడిపి, మరొక అభ్యాసకునికి అమ్ముతుంటారు. ఆ విధంగా ఒకే కారు పలువురి చేతులు మారుతుంది. అందువలన ఇటువంటి కారు విక్రయం సాధారణమైన పాత కారు విక్రయం కంటే క్లిష్టమైనది. ఇందులో యంత్రస్థితి, మార్పుల చట్టబద్ధత, యాజమాన్య బదిలీ, ప్రమాదం జరిగినపుడు బాధ్యత అనే నాలుగు అంశాలు ముడిపడి ఉన్నాయి. ఈ వ్యాసం భారతదేశంలో, ముఖ్యంగా గోదావరి డెల్టా ప్రాంతంలో, ఆరంభకులకు తగిన డ్రిఫ్టు కారును అమ్మేటప్పుడు, కొనేటప్పుడు వర్తించే విషయాలను వివరిస్తుంది.

## చరిత్ర

డ్రిఫ్టింగు ఒక క్రీడగా జపాన్‌లో రూపుదిద్దుకున్నది. 1970వ దశకంలో కునిమిత్సు తకాహషి అనే పందెగాడు మలుపులలో కారును జారనిచ్చి వేగాన్ని నిలబెట్టుకొనే పద్ధతికి పేరు పొందాడు. అతనిని చూసి ప్రభావితుడైన కెయిచి త్సుచియా కొండదారులలో ఈ పద్ధతిని సాధన చేసి "డ్రిఫ్ట్ కింగ్"గా ప్రసిద్ధి చెందాడు. డి1 గ్రాండ్ ప్రి పేరుతో వృత్తిపరమైన పోటీలు జపాన్‌లో 2000 సంవత్సర ప్రాంతంలో మొదలైనాయి. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు 2004లో ప్రారంభమైనాయి. 1995లో మొదలైన "ఇనిషియల్ డి" అనే జపనీయ చిత్రకథ, 2006లో విడుదలైన "టోక్యో డ్రిఫ్ట్" అనే ఆంగ్ల చలనచిత్రం ఈ క్రీడను ప్రపంచమంతటా యువతకు పరిచయం చేశాయి.

ఈ పోటీలలో వేగం కంటే కారు జారే కోణం, నడిపే మార్గం, నడిపే తీరు ముఖ్యం. విజేతను న్యాయనిర్ణేతలు నిర్ణయిస్తారు.

## పనిచేయు విధానం

సాధారణంగా మలుపులో నాలుగు చక్రాలూ నేలను పట్టుకొని ఉంటాయి. వెనుక చక్రాల జారుడు కోణం ముందు చక్రాల జారుడు కోణం కంటే అధికమైనపుడు కారు వెనుక భాగం బయటకు నెట్టుకొస్తుంది. అప్పుడు చోదకుడు స్టీరింగును మలుపుకు వ్యతిరేక దిశలో తిప్పుతూ, యాక్సిలరేటరుతో వెనుక చక్రాల శక్తిని సరిచూసుకుంటూ కారును అదే స్థితిలో నిలుపుతాడు. దీనికి ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందటం ముఖ్యం. ముందు చక్రాలతో నడిచే కారును చేతి బ్రేకుతో కొద్దిసేపు జార్చవచ్చు కాని, ఆ జారుడును శక్తితో కొనసాగించటం సాధ్యం కాదు. నేడు భారతదేశంలో అమ్ముడయ్యే చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలతో నడిచేవే. డ్రిఫ్టుకు తగిన కారు ఇక్కడ అరుదు కావటానికి ఇది మొదటి కారణం.

## ఆరంభకులకు తగిన కారు లక్షణాలు

ఆరంభకునికి శక్తివంతమైన కారు మంచిదన్నది పొరపాటు అభిప్రాయం. శక్తి ఎక్కువైతే తప్పు దిద్దుకొనేందుకు వ్యవధి తగ్గుతుంది, టైర్లు త్వరగా అరుగుతాయి. ఈ క్రింది లక్షణాలు ముఖ్యమైనవి:

* వెనుక చక్రాలకు శక్తినిచ్చే అమరిక, చేతితో మార్చే గేర్లు.
* మితమైన ఇంజను శక్తి.
* ముందు, వెనుక ఇరుసుల మధ్య తగినంత దూరం. ఈ దూరం ఎక్కువగా ఉన్న కారు నెమ్మదిగా తిరుగుతుంది కనుక అదుపు చేయటం తేలిక.
* తక్కువ ఎత్తు. ఎత్తైన వాహనం జారటానికి బదులు బోల్తా పడుతుంది.
* చౌకగా, సులభంగా దొరికే విడిభాగాలు.

విదేశాలలో ఆరంభకులు ఎక్కువగా నిస్సాన్ సిల్వియా, మాజ్దా ఎంఎక్స్-5, బి.ఎం.డబ్ల్యు. ఇ36, ఇ46 తరాలకు చెందిన 3 సిరీస్ కార్లను ఎంచుకుంటారు. 1983 - 1987 మధ్య తయారైన టొయోటా ఏఈ86 ఈ క్రీడకు చిహ్నంగా మారింది. దాని ఇంజను సామర్థ్యం కేవలం 1.6 లీటర్లు.

## భారతదేశంలో లభించే కార్లు

మూడేళ్ళు దాటిన పాత కార్లను దిగుమతి చేసుకోవటాన్ని భారత విదేశీ వాణిజ్య నిబంధనలు సాధారణంగా అనుమతించవు. కాబట్టి జపాన్‌లో చౌకగా దొరికే పాత సిల్వియా వంటివి ఇక్కడికి తెప్పించుకోవటం వీలుపడదు. దేశంలోనే తయారైన వెనుక చక్రాల కార్లే ఆధారం.

* '''హిందుస్తాన్ అంబాసిడర్''': 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. వెనుక ఇరుసు క్రింద కమాను పట్టీలు ఉంటాయి. దృఢమైనది, ఏ షెడ్డులోనైనా బాగుచేయగలరు. స్టీరింగు నెమ్మదిగా స్పందిస్తుంది.
* '''హిందుస్తాన్ కాంటెస్సా''': 1984 - 2002 మధ్య తయారైనది. పొడవైన, ఎత్తు తక్కువైన కారు. ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను గల నమూనాలకు మార్పులు చేసేవారిలో ఆదరణ ఉన్నది.
* '''ప్రీమియర్ పద్మిని''': ఫియట్ అనే పేరుతోనే ప్రజలకు పరిచయం. తేలికైనది, శక్తి తక్కువ.
* '''మారుతి ఓమ్ని, ఈకో''': ఇంజను ముందు సీట్ల క్రింద ఉండి వెనుక చక్రాలను నడుపుతుంది. ఇవి ఇరుకుగా, ఎత్తుగా ఉంటాయి కనుక బోల్తా పడే ప్రమాదం ఎక్కువ.
* '''బి.ఎం.డబ్ల్యు. 3 సిరీస్''': 2007 నుండి చెన్నై సమీపంలోని కర్మాగారంలో బిగిస్తున్నారు. పాతవి కొంత అందుబాటు ధరలో దొరికినా, అధిక భాగం స్వయంచాలక గేర్లవి. మరమ్మతు ఖర్చు కూడా ఎక్కువ.

టాటా సుమో, బొలేరో, స్కార్పియో, క్వాలిస్, ఇన్నోవా వంటివి గోదావరి జిల్లాలలో విరివిగా కనిపించే వెనుక చక్రాల వాహనాలే. కాని వీటి ఎత్తు వలన ఇవి డ్రిఫ్టుకు పనికిరావు. చలనచిత్రాలలో ఇటువంటి వాహనాలు జారుతూ తిరగటాన్ని చూసి రహదారిపై అనుకరించటం ప్రాణాపాయం.

## సాధారణంగా చేసే మార్పులు

* '''డిఫరెన్షియల్''': రెండు వెనుక చక్రాలూ ఒకేసారి జారేందుకు పరిమిత జారుడు డిఫరెన్షియల్ అమరుస్తారు. ఖర్చు తగ్గించుకొనేవారు లోపలి పళ్ళచక్రాలను వెల్డింగు చేసి రెండు చక్రాలనూ కలిపివేస్తారు. వెల్డింగు చేసిన కారు రోడ్డుపై మలుపు తిరిగేటప్పుడు టైర్లను ఈడ్చుకుంటూ పోతుంది. వెల్డింగు విరిగితే ఇరుసు బిగుసుకుపోవచ్చు.
* '''హైడ్రాలిక్ చేతి బ్రేకు''': వెనుక చక్రాలను క్షణంలో బంధించేందుకు పొడవైన మీటతో అమరుస్తారు.
* '''స్టీరింగు కోణం''': ముందు చక్రాలు మరింత ఎక్కువ తిరిగేలా వాటిని మోసే భాగాలను మార్చుతారు.
* '''సస్పెన్షన్''': ఎత్తు సరిచేసుకొనగల గట్టి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు.
* '''శీతలీకరణ''': పెద్ద రేడియేటరు, ఇంజను ఆయిలును చల్లబరచే పరికరం. కారు పక్కకు జారుతున్నపుడు ముందు నుండి గాలి సరిగా అందదు కనుక ఇది అవసరం.
* '''భద్రత''': శరీరాన్ని పట్టి ఉంచే సీటు, నాలుగు లేదా ఆరు చోట్ల బిగించే పట్టీలు, లోపల ఉక్కు గొట్టాల పంజరం, అగ్నిమాపక సాధనం.

ఆరంభకునికి అమ్మే కారులో చివరి అంశమే మొదటిదిగా చూడవలసినది. శక్తి పెంచిన ఇంజను ఉండి, సరైన సీటు, పట్టీలు లేని కారు ఆరంభకులకు తగినదని చెప్పటం సరికాదు. అలాగే పంజరం ఉన్న కారును శిరస్త్రాణం లేకుండా నడిపితే ఆ ఉక్కు గొట్టాలే తలకు గాయం చేయవచ్చు.

## చట్టపరమైన స్థితి

### మార్పులు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులో, వాహనపు మౌలిక నిర్మాణాన్ని తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా మార్చి రిజిస్టరు చేయించుకోవటం కుదరదని స్పష్టం చేసినది. 2019 సవరణ చట్టం ద్వారా చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

దీనిని బట్టి పైన చెప్పిన మార్పులలో అనేకం ఉన్న కారు బహిరంగ రహదారిపై నడిచేందుకు అర్హత కోల్పోతుంది. అటువంటి కారును "రోడ్డుపై కూడా నడపవచ్చు" అని చెప్పి అమ్మటం కొనుగోలుదారును మోసగించటమే. దానిని పోటీ పథానికి లారీపై గాని, ట్రెయిలరుపై గాని తరలించవలసి ఉంటుంది.

### రహదారిపై విన్యాసాలు

రహదారిపై పందేలు, వేగ పరీక్షలు 189వ సెక్షన్ క్రింద నేరం. మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తరువాత ప్రతిసారి ఒక సంవత్సరం వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రమాదకరంగా నడపటం 184వ సెక్షన్ క్రిందికి వస్తుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కూడా నిర్లక్ష్యపు చోదనానికి వర్తిస్తుంది.

పద్దెనిమిదేళ్ళు నిండనివారు వాహనం నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుడు లేదా వాహన యజమాని బాధ్యుడవుతాడు. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలల పాటు వాహన రిజిస్ట్రేషన్ రద్దు ఇందులో ఉన్నాయి. "ఆరంభకులకు తగిన కారు" అనే ప్రకటన చూసి వచ్చేవారిలో విద్యార్థులు ఎక్కువగా ఉంటారు కనుక, విక్రేత కొనుగోలుదారు వయసును, లైసెన్సును తప్పక చూడవలెను.

## యాజమాన్య బదిలీ

రిజిస్ట్రేషన్ పత్రాన్ని గోదావరి జిల్లాలలో ఇప్పటికీ చాలామంది "సి-బుక్" అంటారు. 50వ సెక్షన్ ప్రకారం బదిలీ విధానం ఇది:

* అదే రాష్ట్రంలో రిజిస్టరైన కారును అమ్మితే, విక్రేత 14 రోజులలోపు ఫారం 29 ద్వారా రవాణా శాఖకు తెలుపవలెను.
* వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కారైతే గడువు 45 రోజులు. ఫారం 28 ద్వారా పొందిన నిరభ్యంతర పత్రం జతపరచవలెను.
* కొనుగోలుదారు 30 రోజులలోపు సమాచారం అందించవలెను. దరఖాస్తు ఫారం 30లో ఉంటుంది.
* కారుపై అప్పు ఉంటే, అది తీరినట్లు రుణదాత సంతకం చేసిన ఫారం 35 అవసరం.
* బీమాను తన పేరిట మార్చుకొనేందుకు కొనుగోలుదారు 14 రోజులలోపు బీమా సంస్థకు దరఖాస్తు చేయవలెను.

తూర్పు గోదావరి జిల్లా కార్లకు ఏపీ 05, పశ్చిమ గోదావరి జిల్లా కార్లకు ఏపీ 37 సంకేతాలు ఉండేవి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస ప్రవేశపెట్టారు. 2022 ఏప్రిల్ 4న రెండు జిల్లాలను పునర్వ్యవస్థీకరించి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలను ఏర్పరచారు. డ్రిఫ్టుకు పనికివచ్చే కార్లన్నీ పాతవే కనుక వాటిపై ఎక్కువగా పాత సంకేతాలే కనిపిస్తాయి. హైదరాబాదు నుండి కొని తెచ్చే కార్లకు 2014 జూన్ 2 నాటి రాష్ట్ర విభజన దృష్ట్యా తెలంగాణ నిరభ్యంతర పత్రం అవసరం కావచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో జీవితకాల పన్ను కూడా లెక్కలోకి వస్తుంది.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాల వరకు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవలెను. కాంటెస్సా, పద్మిని వంటి కార్లన్నీ ఈ గడువు దాటినవే. మార్పులు చేసిన కారు ఈ తనిఖీలో నెగ్గటం కష్టం. పునరుద్ధరణ లేని కారును "కాగితాలన్నీ ఉన్నాయి" అనే మాటపై కొనరాదు.

### బదిలీ చేయని విక్రేత బాధ్యత

బయానా తీసుకొని, ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి, కారును అప్పగించి ఊరుకోవటం ఈ ప్రాంతంలోనే గాక దేశమంతటా ఉన్న అలవాటు. ఇది విక్రేతకు చాలా ప్రమాదకరం. 2018 ఫిబ్రవరి 6న సుప్రీం కోర్టు నిర్ణయించిన ఒక కేసులో, ఒక కారు 2007లో అమ్ముడై, రిజిస్ట్రేషన్ మారకుండానే వరుసగా పలువురి చేతులు మారినది. 2009లో ఆ కారు వలన ప్రమాదం జరిగినది. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉన్నదో వారే చట్టం దృష్టిలో యజమాని అని, మొదట అమ్మిన వ్యక్తే పరిహారానికి బాధ్యుడని కోర్టు తీర్పు ఇచ్చినది. డ్రిఫ్టు కారు సాధారణ కారు కంటే త్వరగా చేతులు మారుతుంది, ప్రమాదావకాశం కూడా ఎక్కువ. కనుక ఈ తీర్పు ఇటువంటి విక్రేతలకు మరింతగా వర్తిస్తుంది.

పాత వాహనాల వ్యాపారుల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రత్యేక నియమాలు ప్రకటించినది. ఇవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం వ్యాపారి అనుమతి పత్రం పొందవలెను, యజమాని తన కారును వ్యాపారికి అప్పగించిన సంగతిని రవాణా శాఖకు తెలుపవలెను.

## విక్రేత వెల్లడించవలసిన విషయాలు

భారత ఒప్పందాల చట్టం, 1872లోని 17వ సెక్షన్ ప్రకారం, తెలిసిన వాస్తవాన్ని ప్రయత్నపూర్వకంగా దాచటం మోసం క్రిందికి వస్తుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సరుకును పరీక్షించుకొనే బాధ్యతను చాలావరకు కొనుగోలుదారుపైనే ఉంచినది. ఈ రెండింటి దృష్ట్యా ఉభయులకూ మేలైన పద్ధతి, మార్పుల జాబితాను కాగితంపై వ్రాసి ఇద్దరూ సంతకం చేయటం. అందులో ఈ అంశాలు ఉండవలెను:

* చేసిన ప్రతి మార్పు, చేసిన సంవత్సరం.
* వెల్డింగు, టింకరింగు జరిగిన చోట్లు.
* గత ప్రమాదాలు, బోల్తా పడిన సందర్భాలు.
* తీసివేసిన అసలు భాగాలు కారుతో పాటు ఇస్తున్నారా లేదా.
* రహదారిపై నడిపేందుకు అర్హత ఉన్నదా, కేవలం పోటీ పథానికేనా.

అసలు భాగాలు భద్రపరచిన కారుకు మంచి ధర పలుకుతుంది. వాటిని తిరిగి బిగించి కారును చట్టబద్ధమైన స్థితికి తేవచ్చు. మార్పులకు పెట్టిన ఖర్చు మొత్తం అమ్మకంలో తిరిగి రాదు. కొనేవాడు దానిని మార్పుల విలువగా కాక, అరిగిన భాగాల విలువగా లెక్కిస్తాడు.

## కొనుగోలుదారు చేయవలసిన పరీక్షలు

కారును పిట్టుపై ఎక్కించి క్రింది నుండి చూడటం మొదటి పని. చాసిస్‌పై కొత్త వెల్డింగులు, వంకరలు, సస్పెన్షన్ బిగించిన చోట పగుళ్ళు ఉన్నాయేమో గమనించవలెను. స్టీరింగు కీళ్ళలో వదులు, చక్రాల బేరింగుల శబ్దం, వెనుక ఇరుసుకు శక్తినందించే జాయింటు రాడ్డులో ఆట పరీక్షించవలెను. క్లచ్చును ఒక్కసారిగా వదలటం డ్రిఫ్టులో ఒక పద్ధతి కనుక క్లచ్చు, రెండవ, మూడవ గేర్లు ముందుగా దెబ్బతింటాయి. ఇంజను వేడెక్కిన తరువాత ఆయిలు ఒత్తిడిని, రేడియేటరు నీటిని చూడవలెను.

గోదావరి డెల్టాలో మరో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి వరద. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన పెద్ద వరదలలో లంక గ్రామాలతో పాటు పలు ప్రాంతాలు నీట మునిగాయి. మునిగిన కారును శుభ్రపరచి అమ్మటం కష్టం కాదు. సీట్ల క్రింది పట్టాలపై తుప్పు, తివాచీ క్రింద ఒండ్రు, దీపాల లోపల తడి మరక, విద్యుత్ తీగల కలయికల వద్ద ఆకుపచ్చ పొర దీనికి గుర్తులు. రెండవది ఉప్పుగాలి. కాకినాడ, అంతర్వేది, నరసాపురం వంటి తీర ప్రాంతాలలో ఉన్న కార్ల అడుగు రేకులు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన రేకుకు వెల్డింగు చేసిన పంజరం ప్రమాద సమయంలో రక్షణ ఇవ్వదు.

## సాధన స్థలం

గోదావరి డెల్టాలో కార్ల పందేలకు శాశ్వత పథం లేదు. దక్షిణ భారతదేశంలో చెన్నై సమీపాన ఇరుంగట్టుకోట్టై వద్ద గల మద్రాసు మోటారు పందెపు పథం, కోయంబత్తూరు వద్ద గల కారి మోటార్ స్పీడ్‌వే ప్రసిద్ధమైనవి. రాజమహేంద్రవరం నుండి చెన్నైకి రహదారి దూరం సుమారు 600 కి.మీ. కారు కొనేవారు ఈ రవాణా ఖర్చును కూడా ధరలో కలిపి చూసుకోవలెను. దేశంలో మోటారు క్రీడలను భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య నియంత్రిస్తుంది. పోటీలలో పాల్గొనేందుకు దాని లైసెన్సు అవసరం. శంకువుల మధ్య తక్కువ వేగంతో నడిపే జింఖానా పోటీలు ఆరంభకులకు మంచి పాఠశాల వంటివి.

డెల్టాలోని రహదారులలో అనేకం కాలువ గట్లపై ఉన్నాయి. ఇవి ఇరుకైనవి, చాలాచోట్ల అంచు గోడ లేనివి. గట్టుకు ఒక వైపు నీరు, మరొక వైపు పల్లపు వరి పొలం ఉంటుంది. కోత కాలంలో ధాన్యం రోడ్డుపైనే ఆరబోస్తారు. ఇటువంటి చోట కారు జారితే సర్దుకొనేందుకు స్థలమే ఉండదు, కాలువలో పడిన కారు నుండి బయటపడటం మిక్కిలి కష్టం. 16వ నంబరు, 216వ నంబరు జాతీయ రహదారులపై లారీలు, బస్సులు, ట్రాక్టర్లు నిరంతరం తిరుగుతుంటాయి. అందువలన ఈ ప్రాంతంలో డ్రిఫ్టు కారును కొనటం అంటే, దానిని ఇక్కడ నిలిపి ఉంచి వేరే చోట నడపటం అని అర్థం చేసుకోవలెను.

## బీమా

మూడవ పక్షపు బీమా 146వ సెక్షన్ ప్రకారం రహదారిపై తిరిగే ప్రతి వాహనానికీ తప్పనిసరి. సాధారణ బీమా పత్రంలో వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు మినహాయింపు జాబితాలో ఉంటాయి. కనుక పోటీ పథంలో కారుకు కలిగిన నష్టాన్ని బీమా సంస్థ భరించదు. వెల్లడించని మార్పులు ఉన్నపుడు రహదారి ప్రమాదంలో కూడా సొంత నష్టపు దావా తిరస్కరణకు గురి కావచ్చు.

## ఇవి కూడా చూడండి

* మోటారు వాహనాల చట్టం, 1988
* హిందుస్తాన్ అంబాసిడర్
* హిందుస్తాన్ కాంటెస్సా
* రాజమహేంద్రవరం
* గోదావరి డెల్టా